గాలివాటాన్ని లెక్కగట్టిన మనిషి

విశాఖ నుంచి భీమిలి దాకా, ఆ పైన శ్రీకాకుళం దాకా తీరం వెంబడి జాలరి పల్లెల్లో ఇంటిపేర్లు వింటూ వెళ్తే ఒక తమాషా తెలుస్తుంది. మైలపల్లి, వాసుపల్లి, సూరాడ... ఇలా కొన్ని ఇంటిపేర్లే మళ్ళీ మళ్ళీ తగులుతుంటాయి. ఆ ఇంటిపేరు వాళ్ళు మిగతావాళ్ళ కంటే బాగా వలేసేవాళ్ళా, తుఫానుల్లో ఎక్కువ బతికి బయటపడ్డారా అంటే అదేం లేదు. ఒకింట్లో నలుగురూ కొడుకులే పుట్టారు, పక్కింట్లో నలుగురూ ఆడపిల్లలే పుట్టారు, పక్కింటి పేరు ఆ తరంతో ఆగిపోయింది, అంతే. ఎవరి ప్రతిభా లేదు, ఎవరి లోపమూ లేదు. చిన్న పల్లెలో ఇలా పది తరాలు జరిగితే ముప్ఫై ఇంటిపేర్లు కాస్తా ఐదారుకు దిగుతాయి, చాలాకాలం ఆగితే ఒక్కటే మిగులుతుంది.

జన్యువుల విషయంలోనూ ఇదే జరుగుతుందని, అది కూడా ఎక్కడో మూలన కాదు, డీఎన్ఏలో వచ్చే మార్పుల్లో చాలా భాగం ఇలాంటి గాలివాటం వ్యవహారమేనని 1968లో లెక్కలు వేసి చెప్పిన మనిషి మొటూ కిమురా. జపాన్ జన్యుశాస్త్రవేత్త. శాస్త్రవేత్తలు జెనెటిక్ డ్రిఫ్ట్ అనేదాన్ని తెలుగులో గాలివాటం అంటే సరిగ్గా అతుకుతుంది. పడవ ఎటో వెళ్తోంది కానీ ఎవరూ తెడ్డు వెయ్యడం లేదు.

ఈయన పేరు ఇప్పుడెందుకంటే, 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామం పాఠం తీసేసినప్పుడు అంతా దాని మీద మాట్లాడుకున్నారు కదా, అలాంటి చర్చ వచ్చిన ప్రతిసారీ 'డార్విన్ సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలే ఒప్పుకోలేదు' అనే వాదన ఒకటి తిరుగుతుంది. ఒప్పుకోని వాళ్ళ జాబితాలో కిమురాని కూడా కలిపేస్తారు. ఆయన ప్రధాన స్రవంతిని ప్రశ్నించిన మాట నిజమే, గట్టిగానే ప్రశ్నించాడు. కానీ ఆయన అడిగింది వేరే ప్రశ్న. జీవపరిణామం జరిగిందా లేదా అని కాదు, జరిగిన ప్రతి మార్పుకీ ఒక ప్రయోజనం వెతకాల్సిన అవసరం ఉందా అని.

కిమురా 1924 నవంబరు 13న జపాన్‌లోని ఒకజాకిలో పుట్టాడు. చిన్నప్పటి నుంచీ మొక్కల పిచ్చి, దానికి తోడు లెక్కల పిచ్చి, ఈ రెండూ ఒకే మనిషిలో కుదరడం అరుదు. యుద్ధం జోరుగా నడుస్తున్న 1944లో క్యోటో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రంలో చేరాడు. గోధుమ క్రోమోజోముల మీద పనితో అప్పటికే పేరున్న హితోషి కిహారా అక్కడ పెద్ద దిక్కు. యుద్ధం అయిపోయాక ఆ కిహారా ప్రయోగశాలలోనే ఉంటూ, పని మాత్రం క్రోమోజోముల మీద కన్నా అమెరికన్ జన్యుశాస్త్రవేత్త స్యూయల్ రైట్ రాసిన గణితం మీద ఎక్కువ చేశాడు. ఓడిపోయిన దేశం, తిండికే కటకట, పక్కన కూర్చుని చెప్పే గురువు లేడు. జీవశాస్త్రం చదివినవాళ్ళు సాధారణంగా దూరం పెట్టే కలనగణితాన్ని (కాలిక్యులస్‌ని) ఒంటరిగా నమిలి మింగాడు. 1949లో మిషిమాలో కొత్తగా పెట్టిన జాతీయ జన్యుశాస్త్ర సంస్థలో చేరాడు, ఉద్యోగ జీవితమంతా అక్కడే.

1953లో అమెరికా వెళ్ళాడు. ముందు అయోవాలో, అది నచ్చక తర్వాత విస్కాన్సిన్‌లో జేమ్స్ క్రో దగ్గర. క్రో ఆయనకు గురువు, స్నేహితుడు, చివరిదాకా అండ. 1955లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో కిమురా తన పని చెప్పినప్పుడు ఆయన ఇంగ్లీషు గానీ, ఆ లెక్కలు గానీ అక్కడున్న వాళ్ళలో చాలామందికి ఎక్కలేదట. అప్పుడు రైట్ లేచి ఇదెంత గొప్ప పనో చెప్పాడని క్రో తర్వాత రాశాడు. 1956లో డాక్టరేట్ తీసుకుని మళ్ళీ మిషిమా చేరాడు.

ఇక్కడిదాకా కిమురా తిరుగుబాటుదారు కాదు. ప్రకృతి వరణాన్ని, అంటే బతకడానికి పనికొచ్చే గుణం ఉన్నవే నిలిచి సంతానాన్ని పెంచుకుంటాయనే డార్విన్ మాటను, నమ్మే అందరిలాంటి జన్యుశాస్త్రవేత్తే.

అప్పటి జీవశాస్త్రంలో వాతావరణం ఎలా ఉండేదో చెప్పాలంటే హుద్‌హుద్ తుఫాను గుర్తు తెచ్చుకోవాలి. 2014 అక్టోబరు 12 తర్వాత విశాఖలో పడిపోయిన చెట్లను చూసి ఎవరికి తోచిన కారణం వాళ్ళు చెప్పారు. వేరు లోతుగా లేదు, కాండం పెళుసు, మన నేలది కాని జాతి, అని. అందులో నిజం ఉంది. వేరు బలం వల్ల ఒక చెట్టు నిలబడి ఇంకోటి పడితే అది వరణమే. కానీ పక్కనున్న హోర్డింగ్ వచ్చి మీద పడితే విరిగిన చెట్టు సంగతేంటి? దాని గోడ అవతల అదే జాతి చెట్టు, అదే వయసుది, నిక్షేపంగా ఉంది. దాన్ని ఏ గుణం కాపాడింది? ఏ గుణమూ కాపాడలేదు. 1950లు, 60లలో జీవశాస్త్రంలో పెద్దలు చాలామంది ఈ రెండో రకం చెట్టును దాదాపు లెక్కలోకి తీసుకునేవాళ్ళు కాదు. జీవిలో ఏ తేడా కనిపించినా దానికో ఉపయోగం ఉండి తీరాలి, కనపడకపోతే మనమింకా వెతకలేదని అర్థం. నత్త గుల్ల మీద చారలైనా సరే, మనిషి రక్తపు గ్రూపైనా సరే.

అప్పుడే కొత్త రకం సమాచారం రావడం మొదలైంది. వేర్వేరు జంతువుల రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రొటీన్లలో అమైనో ఆమ్లాల (ప్రొటీన్ గొలుసులోని పూసల్లాంటివి) వరుసను పోల్చి చూస్తే, ఆ మార్పులు దాదాపు గడియారంలా ఒక వేగంతో పోగవుతున్నాయని జుకర్‌కాండ్ల్, పౌలింగ్ అనే శాస్త్రవేత్తలు గమనించారు. 1966లో లెవాంటిన్, హబ్బీ అనే ఇద్దరు జన్యుశాస్త్రవేత్తలు ఈగల్లో ప్రొటీన్లను పరీక్షించి ఊహించినదానికంటే చాలా ఎక్కువ వైవిధ్యం ఉందని చూపించారు. ఇంత వైవిధ్యాన్ని వరణమే పోషిస్తోందా? ఇన్ని మార్పులను వరణమే ఒక్కొక్కటిగా నెట్టుకొస్తోందా?

కిమురా దీనికి పట్టుకున్న కొలబద్ద బ్రిటిష్ జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ వేసిన లెక్క. ఈ హాల్డేన్ మన తీరానికి బొత్తిగా పరాయివాడు కాదు. బ్రిటన్ వదిలేసి 1957లో భారతదేశం వచ్చాడు, ఇక్కడి పౌరుడయ్యాడు, చివరి రోజులు భువనేశ్వర్‌లో గడిపాడు. 1964 డిసెంబరు 1న చనిపోతే ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడే, ఆంధ్రలో మేనరికాల మీద తొలినాటి లెక్కలు తీసినవాళ్ళలో ఒకరు. ఇండియా వచ్చిన ఆ 1957లోనే హాల్డేన్ ఒక వ్యాసం రాశాడు. వరణం ద్వారా ఒక జన్యువు స్థానంలో మెరుగైన ఇంకోటి పూర్తిగా వచ్చి కూర్చోవాలంటే పాతది ఉన్నవాళ్ళు అంతమంది తగ్గిపోవాలి, దానికి చావుల రూపంలోనో సంతానం లేకపోవడం రూపంలోనో ఖర్చుంటుంది, ఆ ఖర్చును ఒక జాతి భరించాలంటే ఒక్కో మార్పిడికి సుమారు 300 తరాలు పట్టవచ్చు అని అందులో లెక్కగట్టాడు.

కిమురా హిమోగ్లోబిన్ లాంటి కొన్ని ప్రొటీన్లలో మార్పుల వేగం తీసుకుని, దాన్ని క్షీరదాల మొత్తం జన్యుపదార్థానికి విస్తరించి చూశాడు. సుమారు రెండేళ్ళకు ఒక మార్పు చొప్పున జాతి మొత్తంలో స్థిరపడుతున్నట్టు తేలింది. హాల్డేన్ చెప్పింది 300 తరాలకు ఒకటి, ఇక్కడ కనిపిస్తున్నది రెండేళ్ళకు ఒకటి. వరణమే ఇదంతా చేస్తుంటే ఆ ఖర్చుకి ఏ జాతీ మిగలదు. కాబట్టి ఈ మార్పుల్లో అత్యధికం వరణానికి కనపడనివే, లాభం నష్టం లేని తటస్థమైనవే అయ్యుండాలి. 1968 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చిన మూడు పేజీల వ్యాసంలో విషయం ఇదే. నిజానికి ఈ ఖర్చు వాదన అంత గట్టిది కాదని తర్వాత చాలామంది తేల్చారు. గమ్మత్తేమిటంటే మెట్టు విరిగినా మేడ నిలబడింది, ఎందుకంటే దానికి ఇంకా బలమైన స్తంభం వేరే ఉంది.

ఆ స్తంభం ఒక చిన్న గుణకారం, ఒక చిన్న భాగహారం. పదివేల మంది ఉన్న జనాభా అనుకుందాం. ఒక్కొక్కరిలో ఒక జన్యువుకి రెండు కాపీలు, మొత్తం 20,000. అందులో ఒక కాపీలో కొత్త మ్యుటేషన్, అంటే డీఎన్ఏ వరుసలో ఒక మార్పు, పుట్టింది. దాని వల్ల మంచీ లేదు, చెడూ లేదు. ఎన్నో తరాల తర్వాత ఊరంతా ఒకే ఇంటిపేరు మిగిలినట్టు, జనాభా అంతా ఈ ఒక్క కాపీ వారసులే అయ్యే అవకాశం ఎంత? అన్ని కాపీలూ సమానమే కాబట్టి 20,000లో 1. చాలా తక్కువ. అయితే కొత్త మ్యుటేషన్లు పుట్టే చోట్లు కూడా 20,000 ఉన్నాయి కదా. అంటే ఒకపక్క 20,000తో గుణించాలి, ఇంకోపక్క 20,000తో భాగించాలి. రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేది మ్యుటేషన్ రేటు ఒక్కటే. జనాభా వందైనా కోటైనా తటస్థ మార్పులు స్థిరపడే వేగం అదే. గడియారం ఎందుకు అంత నిలకడగా కొట్టుకుంటోందో దీంతో తేలిపోయింది. ఇంటర్ చదివే పిల్లలకి కూడా అర్థమయ్యే ఈ లెక్క జీవశాస్త్రంలో అతి అందమైన ఫలితాల్లో ఒకటి అంటే అతిశయోక్తి కాదు. అలా స్థిరపడటానికి పట్టే కాలం మాత్రం జనాభాను బట్టి ఉంటుంది. సగటున జనాభాకు నాలుగు రెట్లు తరాలు, అంటే ఈ పదివేల మందికి 40,000 తరాలు, తరానికి పాతికేళ్ళనుకుంటే పది లక్షల సంవత్సరాలు.

మరుసటి ఏడాది అమెరికాలో కింగ్, జూక్స్ అనే ఇద్దరు ఇంచుమించు ఇదే మాట వేరే దారిలో చెప్పి, తమ వ్యాసానికి 'నాన్ డార్వీనియన్ ఎవల్యూషన్' అని పేరు పెట్టారు. కొంప ముంచింది ఆ పేరే. డార్విన్‌ని కొట్టిపారేశారట అనే ప్రచారం అక్కడి నుంచే బలపడింది. డార్విన్ స్వయంగా 1859 నాటి తన పుస్తకంలో ఉపయోగమూ హానీ లేని తేడాల మీద ప్రకృతి వరణం పనిచెయ్యదని రాసుకున్నాడు. ఆ వాక్యాన్ని చాలామంది దాటేసి వెళ్ళిపోయారు. కిమురా కూడా కన్ను, రెక్క, మొప్ప లాంటి అవయవాలు వరణం వల్లే రూపుదిద్దుకున్నాయని ఎప్పుడూ కాదనలేదు. 1983లో వచ్చిన తన పెద్ద పుస్తకంలో ఆ ముక్క స్పష్టంగా చెప్పాడు. ఆయన గొడవంతా బయటికి కనపడని అణువుల స్థాయిలో.

గొడవ మాత్రం చిన్నది కాదు. రెండు దశాబ్దాల పాటు ఒకవైపు కిమురా, ఇంకోవైపు ప్రతి తేడాకీ ఉపయోగం ఉంటుందనే ఆక్స్‌ఫర్డ్ సంప్రదాయం వాళ్ళు, అమెరికాలో ఎర్నెస్ట్ మాయర్ లాంటి మహామహులు. వాళ్ళు ఒక ప్రొటీన్‌లో వరణానికి రుజువు దొరికిందంటే, ఈయన పది ప్రొటీన్లలో దొరకలేదని జవాబిచ్చేవాడు. మొండిమనిషి. తన సిద్ధాంతాన్ని కాపాడుకోవడమే జీవితంగా పెట్టుకున్నాడు, అందువల్ల అప్పుడప్పుడూ ఎదుటివాళ్ళ మాటలో నిజాన్ని ఒప్పుకోవడానికి చెయ్యి రాలేదు. సెలవు దొరికితే మాత్రం ఆర్కిడ్‌లు. వాటిని సంకరం చేసి, నచ్చిన పువ్వు ఉంచి నచ్చనిది తీసేసి కొత్త రకాలు పెంచేవాడు. వారమంతా వరణం పాత్ర తక్కువని వాదించి ఆదివారం తనే వరణం చెయ్యడం!

వాదన ఎవరు గెలిచారంటే, కొంతవరకు కిమురాయే. వరణమే అన్ని మార్పులకూ ఇంజన్ అయితే ముఖ్యమైన ప్రొటీన్లలో మార్పులు ఎక్కువ కనపడాలి. కనిపించింది దానికి సరిగ్గా తలకిందులు. డీఎన్ఏ చుట్టుకునే కండెలాంటి హిస్టోన్ ప్రొటీన్లలో హెచ్4 అనేది ఉంది, మొత్తం 102 అమైనో ఆమ్లాలు. బఠాణీ మొక్కలోనూ ఆవులోనూ దాన్ని పోలిస్తే తేడా రెండంటే రెండు చోట్ల. బఠాణీ, ఆవు విడిపోయి నూరు కోట్ల ఏళ్ళ పైమాటే! అదే రక్తం గడ్డకట్టేటప్పుడు కత్తిరించి పారేసే ఫిబ్రినోపెప్టైడ్ ముక్కలున్నాయి, తాటిముంజె తిని తొక్క పారేసినట్టు, వాటికి ఆ తర్వాత పెద్దగా పని లేదు. అవి మాత్రం విపరీతమైన వేగంతో మారాయి. ఇన్సులిన్ తయారయ్యేటప్పుడు మధ్యలో తీసేసే ముక్క కూడా అంతే, మిగతా ఇన్సులిన్ కంటే చాలా త్వరగా మారింది. పని చెయ్యడం మానేసిన చచ్చు జన్యువులు, అంటే సూడోజీన్లు, 1980ల మొదట్లో చేతికందాక చూస్తే అన్నిటికంటే వేగంగా మారినవి అవే. పనికొచ్చేది మారదు, పనికిరానిది ఇష్టమొచ్చినట్టు మారుతుంది. వరణం ఇక్కడ కొత్తవి తెచ్చేది కాదు, పాడైనవి ఏరిపారేసేది.

పూర్తిగా మాత్రం గెలవలేదు. తటస్థ లెక్క నిజమైతే జనాభా పెరిగిన కొద్దీ ఆ జాతిలో వైవిధ్యం కూడా అదే లెక్కన పెరగాలి. కోటానుకోట్ల ఈగలకీ, కొద్ది సంఖ్యలో ఉన్న పెద్ద జంతువులకీ మధ్య ఉండాల్సినంత తేడా లేదు. ఈ చిక్కును పట్టుకున్నది బయటి శత్రువులు మాత్రమే కాదు, సొంత ఇంట్లోని మనిషి కూడా. కిమురా సహోద్యోగి టొమోకో ఓటా 1973లో ఒక సవరణ తెచ్చింది. మ్యుటేషన్లన్నీ పూర్తి తటస్థం కాదు, చాలావాటిలో పిసరంత చెడు ఉంటుంది, చిన్న జనాభాలో ఆ పిసరు గాలివాటానికి కొట్టుకుపోయి తటస్థంలాగే నడుస్తుంది, పెద్ద జనాభాలో అదే పిసరును వరణం పట్టేసుకుంటుంది అని. చూడటానికి చిన్న సర్దుబాటులా ఉంటుంది గానీ ఆవిడ చెప్పినదే వాస్తవానికి ఎక్కువ దగ్గరగా ఉందని ఇప్పుడు చాలామంది అభిప్రాయం. కిమురా మనసు మాత్రం తన శుద్ధ రూపం మీదే. లెక్క అందులో చక్కగా కుదురుతుంది మరి. ఓటాకి 2015లో లెవాంటిన్‌తో కలిపి క్రాఫోర్డ్ బహుమతి వచ్చింది. కిమురాకి 1992లో రాయల్ సొసైటీ డార్విన్ పతకం ఇచ్చింది. డార్విన్‌ని కాదన్నవాడని పేరుపడ్డ మనిషికి డార్విన్ పేరు మీదే పతకం. 1994లో సరిగ్గా తన డెబ్భయ్యో పుట్టినరోజు నాడు ఆయన చనిపోయాడు.

సిద్ధాంతం సంగతి ఎలా ఉన్నా ఆయన పనిముట్లు రోజూ వాడకంలోనే ఉన్నాయి. మార్కెట్లో వంజరం అని అమ్మిన ముక్క నిజంగా వంజరమేనా అని డీఎన్ఏ బార్‌కోడ్‌తో తేల్చే పద్ధతి ఒకటుంది. అందులో రెండు చేపల వరుసల మధ్య దూరాన్ని లెక్కకట్టడానికి చాలామంది వాడే సూత్రం 1980లో కిమురా ఇచ్చినదే. కరోనా వైరస్ జన్యువరుసలో నెలకు సుమారు రెండు మార్పులు పోగవుతాయని, దాన్ని పట్టుకుని ఒక రకం ఎప్పుడు పుట్టిందో అంచనా వెయ్యవచ్చని అన్నప్పుడు అక్కడ కొట్టుకున్నది కూడా ఆ గడియారమే. తేడా కనపడగానే వరణం అనెయ్యకుండా, ముందు ఇది గాలివాటమే అనుకుని మొదలుపెట్టు, అలా కుదరకపోతేనే వరణం అను, అనే అలవాటు ఆయన తర్వాతే పాతుకుపోయింది.

విశాఖలో కూర్చుని ఈ రెంటి తేడా చూడాలంటే జపాన్ దాకా వెళ్ళక్కర్లేదు. పాడేరు, అరకు ఏజెన్సీలో గిరిజనుల్లో సికిల్ సెల్ జన్యువు ఉంది. రెండు కాపీలు వస్తే ప్రాణాంతకమైన జబ్బు, ఒక్క కాపీ ఉంటే ప్రమాదకరమైన మలేరియా నుంచి రక్షణ. మలేరియా తిరిగే చోట్ల ఆ జన్యువు నిలిచి ఉండటం వరణం పని, ఇందులో ఎవరికీ పేచీ లేదు. 1954లో ఆఫ్రికాలో ఎలిసన్ అనే శాస్త్రవేత్త చూపించాడు, పాఠ్యపుస్తకాలన్నీ ఎక్కించుకున్నాయి.

రెండో ఉదాహరణ మైదానంలోది. బ్యుటిరైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ లోపం కోమటి సామాజికవర్గంలో మిగతాచోట్ల కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని పరిశోధకులు రాశారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు హార్వర్డ్ వాళ్ళతో కలిసి 2009లోనూ ఆ తర్వాతా చేసిన పనిలో తేలిందేమిటంటే, చాలా కాలం కిందట కొద్దిమంది పూర్వీకులతో మొదలై, తర్వాత బయటి పెళ్ళిళ్ళు లేకుండా లక్షల్లోకి పెరిగిన సమూహాల్లో ఇది ఒకటి. ఇలాంటి సమూహాలు మన దేశంలో బోలెడు, ఒక్కోదానికి ఒక్కో జన్యువు పెరిగి ఉంటుంది, కాబట్టి ఇందులో ఎవరూ ఎవరినీ వేలెత్తి చూపడానికేం లేదు. ఆ తొలి కొద్దిమందిలో ఒకరి దగ్గర ఉన్న కాపీ, జాలరి పల్లెలో ఇంటిపేరు పెరిగినట్టే పెరిగింది. మేనరికాలు కూడా తోడైతే ఒకే మనిషికి రెండు కాపీలూ చేరే అవకాశం ఇంకాస్త ఎక్కువ.

అసలు చూడాల్సింది ఆ లోపం స్వభావం. అది ఉన్న మనిషి తింటాడు, తిరుగుతాడు, దుకాణం నడుపుతాడు, ముసలివాడవుతాడు, ఏ తేడా తెలియదు. వరణానికి పట్టుకోవడానికి పిడి లేదు. ఎన్నో తరాలు అలాగే గడిచిపోయాయి. 1950ల్లో ఆపరేషన్ థియేటర్లలోకి సక్సినైల్ కోలిన్ అనే మందు వచ్చింది, గొంతులోకి గొట్టం వెయ్యడానికి కండరాలను కాసేపు వదులు చేసేది. మామూలు మనిషిలో ఈ ఎంజైమ్ దాన్ని కొద్ది నిమిషాల్లో విరగ్గొట్టేస్తుంది. లోపం ఉన్నవాళ్ళలో గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి కండరాలతో సహా. అప్పటిదాకా వెంటిలేటర్ మీద ఉంచాల్సిందే. నిన్నటిదాకా మంచీ చెడూ లేని మార్పు, ఒక సూది మందు వచ్చిన రోజు నుంచి అలా లేదు.

అందుకే మత్తు డాక్టరు ఆపరేషన్‌కి ముందు రోజు వచ్చి, మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా మత్తు ఇచ్చాక కోలుకోవడానికి బాగా ఆలస్యమైందా, వెంటిలేటర్ మీద ఉంచారా అని అడుగుతారు. ఆ ప్రశ్న వినగానే ఇంట్లోవాళ్ళకి టెన్షన్ వస్తుంది గానీ, పెద్దమ్మకో బాబాయికో ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందట అలా జరిగి ఉంటే ఆ సంగతి అప్పుడే చెప్పెయ్యాలి.